అంటుకున్న గింజల్ని విడదీయాలంటే ఏ వాటర్‌షెడ్ ఎంచుకోవాలి?

హన్మకొండ, కాజీపేట వైపు ప్రాజెక్టులు చేసుకునే పిల్లలు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది: "సార్, వాటర్‌షెడ్‌కు ఓపెన్‌సీవీ మంచిగుంటదా, స్కైకిట్-ఇమేజ్ మంచిగుంటదా?" వాటర్‌షెడ్ అంటే ఇక్కడ ఫొటోలో అంటుకున్న వస్తువుల్ని కంప్యూటర్‌తో విడదీసే ఒక పద్ధతి. ఓపెన్‌సీవీ (OpenCV), స్కైకిట్-ఇమేజ్ (scikit-image) బొమ్మలతో పనిచేయడానికి వాడే రెండు ప్రోగ్రామింగ్ లైబ్రరీలు. ఒకరి దగ్గర నల్లగుడ్డ మీద పోసిన వడ్ల ఫొటో ఉంటుంది. ఇంకొకరి దగ్గర మైక్రోస్కోప్ కింద మెరిసే కణకేంద్రకాలు, మరొకరి దగ్గర మామిడితోట మీద డ్రోన్‌తో తయారుచేసిన ఎత్తుల పటం. అందరికీ కావలసింది ఒకటే. బొమ్మలో చాలా శిఖరాలున్నాయి, ఒక్కో శిఖరం చుట్టూ దానికి చెందిన ప్రాంతాన్ని విడిగా గీయాలి.

నేను జవాబును లైబ్రరీతో మొదలుపెట్టను. వాటర్‌షెడ్ తనకు అప్పగించిన పని దాదాపు ఎప్పుడూ సరిగ్గానే చేస్తుంది. ఫలితం చెడితే కారణం రెండు చోట్ల వెతకాలి: నీళ్లు ఏ ఉపరితలం మీద నింపాం, ఎక్కడెక్కడ నుంచి నింపడం మొదలుపెట్టాం. ఈ రెండూ తేలితే ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలన్నది చాలా చిన్న విషయం అవుతుంది.

మన దగ్గర పాకాల, రామప్ప, లక్నవరం చూసినవాళ్లకు ఈ పద్ధతి త్వరగా అర్థమవుతుంది. గొలుసుకట్టులో పై చెరువు నిండితే మత్తడి దుంకి నీళ్లు కింది చెరువులోకి పోతాయి. వాటర్‌షెడ్‌లో ముందు బొమ్మ విలువల్ని తలకిందులు చేస్తాం, శిఖరాలన్నీ గుంటలవుతాయి. అన్ని గుంటల్లోనూ నీటిమట్టం ఒకే తీరుగా పెరుగుతూ వస్తుంది. రెండు గుంటల నీళ్లు కలవబోయే చోట కట్ట పోస్తాం, ఆ కట్టలే ప్రాంతాల సరిహద్దులు. 1979లో ఫ్రాన్స్‌లో బ్యూషే, లాంతుజూల్ ఈ ఆలోచనను చిత్రాల విభజనకు వాడారు. 1991లో విన్సెంట్, సోయ్ వేగంగా నడిచే ముంపు పద్ధతిని ప్రచురించాక అది అందరి చేతికీ వచ్చింది.

చిక్కు ఎక్కడంటే, మార్కర్లు (నింపడం ఎక్కడెక్కడ మొదలుపెట్టాలో చూపే గుర్తులు) ఇవ్వకపోతే ఈ పద్ధతి ప్రతి గుంటనూ ఒక చెరువుగానే లెక్కిస్తుంది. కెమెరా సెన్సార్ నాయిస్ (పిక్సెళ్లలో వచ్చే అడ్డదిడ్డపు తేడాలు) వల్ల ఏర్పడిన చిన్న గుంతకు కూడా పాకాల అంత హోదా ఇస్తుంది. ఒక్క గింజ పది ముక్కలవడానికి కారణం ఇదే. కాబట్టి ఒక్కో గుంట విషయంలో అడగాల్సిన ప్రశ్న, అడుగు నుంచి మత్తడి దాకా దాని లోతెంత? ఈ లోతుకు ఫిజీ (Fiji) అనే బొమ్మల విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో ప్రామినెన్స్ అని పేరు. స్కైకిట్-ఇమేజ్‌లోని హెచ్-మ్యాక్సిమా (h_maxima) అనే ఫంక్షన్‌లో హెచ్ కూడా ఈ లోతుకు పెట్టే హద్దే, ఫిజీకి చేర్చుకునే మార్ఫోలిబ్‌జె (MorphoLibJ) ప్లగిన్‌లో డైనమిక్ అన్నదీ అదే. ఒకచోట పట్టు దొరికితే మిగతాచోట్ల కూడా పని సులువవుతుంది.

ముందు ఉపరితలం

మూడు రకాల ఉపరితలాలున్నాయి: పిక్సెల్ వెలుగు, ఆకారం నుంచి తీసిన దూరం, అంచుల తీవ్రత.

వస్తువు మధ్యలో ప్రకాశవంతంగా ఉండి అంచుకు పోయేకొద్దీ మసకబారుతుంటే వెలుగునే నేరుగా వాడండి. ప్రొటీన్ జెల్ మీది మచ్చలు, ఫ్లోరోసెన్స్‌లో చుక్కల్లా కనిపించే సిగ్నళ్లు, చెట్ల ఎత్తుల పటం ఈ కోవలోవి. ఇక్కడ శిఖరం నిజంగానే బొమ్మలో ఉంది, మనం కల్పించనక్కర్లేదు. వెలుగును తలకిందులు చేసి, నాయిస్ తగ్గేలా కొద్దిగా గాసియన్ బ్లర్ వేసి (బొమ్మను మసకబార్చి), మార్కర్లు పెట్టి నింపేయడమే.

ఆ "కొద్దిగా" అన్నదానికి ఒక లెక్క ఉంది. ఒకే ఎత్తున్న రెండు గాసియన్ మచ్చల (మధ్యలో ఎత్తుగా ఉండి చుట్టూ గంట ఆకారంలో జారేవి) కేంద్రాల మధ్య దూరం వాటి సిగ్మాకు, అంటే వాటి వ్యాప్తిని చెప్పే కొలతకు, రెట్టింపు దాటకపోతే వాటి మధ్య పల్లమే ఏర్పడదు, రెండూ కలిసి ఒకే గుట్టలా కనిపిస్తాయి. మచ్చ సిగ్మా 4 పిక్సెళ్లనుకుందాం. కేంద్రాలు 8 పిక్సెళ్ల కన్నా ఎక్కువ దూరంలో ఉంటేనే రెండు శిఖరాలు కనిపిస్తాయి. దాని మీద మీరు సిగ్మా 3తో బ్లర్ వేస్తే మచ్చ సిగ్మా 5కు పెరుగుతుంది (వర్గాలు కూడుకుంటాయి: 16, 9 కలిపి 25). ఇప్పుడు ఆ హద్దు 8 నుంచి 10కి పోయింది. 9 పిక్సెళ్ల దూరంలో ఉన్న జంటను మీ బ్లరే కలిపేసింది. నాయిస్ తగ్గించాలంటే బ్లర్ కావాలి, జంటలు విడిగా నిలవాలంటే తక్కువే వేయాలి. అందుకే సిగ్మా ఎంతో నిర్ణయించే ముందు మీ బొమ్మలో అతి దగ్గరగా ఉన్న జంటను వెతికి, వాటి మధ్య దూరం కొలవండి.

వస్తువు లోపలంతా ఒకే వెలుగుంటే, అంటే నల్లగుడ్డ మీద గింజల్లాంటి ఫొటో అయితే, వెలుగులో శిఖరం ఉండదు. అప్పుడు ముందు థ్రెషోల్డ్‌తో (ఒక వెలుగు హద్దుతో) గింజ తెలుపు, నేపథ్యం నలుపు అయ్యేలా మాస్క్ చేసి, లోపలి ప్రతి పిక్సెల్ నుంచి దగ్గరి అంచుకు ఎంత దూరమో లెక్కగడతాం. దీన్నే డిస్టెన్స్ ట్రాన్స్‌ఫామ్ అంటారు. గింజ మధ్యలో దూరం ఎక్కువ, అంచున సున్నా. శిఖరం ఇప్పుడు ఆకారం నుంచి పుట్టింది.

ఇది ఎప్పుడు పనిచేస్తుందో కూడా ముందే లెక్కేయవచ్చు. 20 పిక్సెళ్ల వ్యాసార్ధమున్న రెండు గుండ్రటి గింజలు, కేంద్రాల మధ్య 30 పిక్సెళ్ల దూరంతో కొంచెం ఒకదానిమీదొకటి ఎక్కి ఉన్నాయనుకోండి. ఒక్కో కేంద్రం దగ్గర దూరం విలువ 20. రెండూ కలిసే మెడ దగ్గర 400లోంచి 225 తీస్తే మిగిలే 175కు వర్గమూలం, అంటే సుమారు 13.2. మత్తడి లోతు 6.8 వచ్చింది. హెచ్ విలువ 2 పెట్టినా 5 పెట్టినా రెండూ విడిపోతాయి. అదే కేంద్రాలు 10 పిక్సెళ్ల దూరంలోనే ఉంటే మెడ దగ్గర విలువ 19.4, లోతు 0.6 మాత్రమే. అంచుల గరుకుతనం వల్ల వచ్చే దొంగ గుంటలూ దాదాపు అంతే లోతుంటాయి కాబట్టి ఈ జంటను ఏ సెట్టింగూ నమ్మకంగా విడదీయలేదు.

సోయా, మక్కజొన్న, కంది, శనగ లాంటి గింజలకు నేను కళ్లు మూసుకుని దూరం పద్ధతినే చెబుతాను. వడ్ల దగ్గరికి వచ్చేసరికి జాగ్రత్త కావాలి. జగిత్యాల సన్నాల లాంటి సన్నరకాలే చూడండి. పొడవు 60, వెడల్పు 20 పిక్సెళ్లున్న గింజలో దూరం ఒక్క బిందువు దగ్గర శిఖరంగా ఉండదు, గింజ నడుమ పొడవునా ఒక గట్టులా సాగుతుంది. అంచున ఒక పిక్సెల్ తేడా ఉన్నా ఆ గట్టు మీద రెండు మూడు బుడిపెలొస్తాయి, గింజ అన్ని ముక్కలవుతుంది. ఇక్కడ హెచ్‌ను 1 చుట్టుపక్కల పెడితే బుడిపెలు పోతాయి, కొస కొస తగిలిన గింజలు మాత్రం విడిగానే ఉంటాయి.

పక్కపక్కనే పొడవునా ఆనుకున్న వడ్ల సంగతి వేరు. మాస్క్‌లో వాటి మధ్య సందు పూడిపోతే రెండింటికీ కలిపి గట్టు సరిగ్గా అతుకు మీదే వస్తుంది. అల్గారిదానికి అది ఒక్క లావు గింజ. దానికి గంటల తరబడి సెట్టింగులు మార్చే బదులు ఫొటో తీసే ముందు ట్రేను ఒకసారి తట్టి గింజల్ని విడగొట్టండి. ఈ సలహా కోడ్ కాదని తీసిపారేయకండి, ఇంతకన్నా ఎక్కువ తప్పుల్ని ఏ కోడూ ఆపలేదు.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే మిర్చిలోనే ఈ తేడా కళ్లముందు కనిపిస్తుంది. 2025లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు పొందిన వరంగల్ చపాట పొట్టిగా లావుగా ఉంటుంది, దూరం పద్ధతికి బాగా లొంగుతుంది. సన్నగా పొడవుగా ఉండే తేజ అడ్డదిడ్డంగా పడితే లొంగదు. రెండు కాయలు ఎక్స్ ఆకారంలో దాటుకున్నచోట మాస్క్ అన్నిటికన్నా వెడల్పుగా ఉంటుంది కాబట్టి పెద్ద శిఖరం సరిగ్గా ఆ కూడలిలో వస్తుంది. మీకు కావలసిన రెండు కాయలకు బదులు ఒక కూడలి ముక్క, దాని చుట్టూ తోకలు దొరుకుతాయి. అలాంటి ఫొటోకు వాటర్‌షెడ్ పెట్టొద్దు.

మూడో ఉపరితలం గ్రేడియంట్, అంటే పైన చెప్పిన అంచుల తీవ్రత. వెలుతురు ఒకవైపు ఎక్కువ ఒకవైపు తక్కువ పడి ఒకే థ్రెషోల్డ్ కుదరకపోయినా, వస్తువుల అంచులు స్పష్టంగా ఉంటే ఇది మంచి దారి. అంచులు గట్లవుతాయి, వస్తువుల లోపలి భాగాలు పల్లాలవుతాయి, కాబట్టి ఇక్కడ తలకిందులు చేయకూడదు. పైగా నేపథ్యానికి కూడా తప్పకుండా ఒక మార్కర్ పెట్టాలి. పెట్టకపోతే గింజల మార్కర్లే గుడ్డ మొత్తాన్ని పంచుకుంటాయి. నీడల సమస్య ఒక్కటే ఉంటే, గింజ కన్నా పెద్ద డిస్క్‌తో టాప్-హ్యాట్ (నేపథ్యపు వెలుగును తీసేసే ఫిల్టర్) వేసి నేపథ్యాన్ని చదును చేసి మొదటి రెండు దారుల్లో ఒకదానికి వెళ్లడం నాకు ఎక్కువ ఇష్టం.

కణకేంద్రకాలు ఈ విభజనకు పూర్తిగా లొంగవు. డాపీతో (డీఎన్‌ఏకు అంటుకుని వెలిగే DAPI అనే రంగు) రంగు వేసిన కేంద్రకంలో క్రొమాటిన్ (డీఎన్‌ఏ, ప్రొటీన్లు కలిసిన పదార్థం) ముద్దలు ఒక్కోటీ ఒక్కో శిఖరంలా వెలుగుతాయి. అందుకే వెలుగును వాడితే ఒక కేంద్రకం నాలుగైదు ముక్కలవుతుంది, దూరాన్ని వాడితే ఒకదానిమీదొకటి ఎక్కినవి కలిసిపోతాయి. కేంద్రకాలు గుండ్రంగా, పలుచగా పరుచుకుని ఉంటే దూరం చాలు. గుంపులుగా ఉంటే స్టార్‌డిస్ట్ వైపు వెళ్లమంటాను, దాని సంగతి కింద చెబుతాను.

తర్వాత మార్కర్లు

స్కైకిట్-ఇమేజ్‌లో చాలామంది ముందుగా అందుకునేది పీక్ లోకల్ మ్యాక్స్ (peak_local_max) అనే ఫంక్షన్. ఇది రెండు శిఖరాల మధ్య కనీస దూరం ఎంతుండాలో అడుగుతుంది. వస్తువులన్నీ ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉండి, వాటి మధ్య ఎడం మీకు ముందే తెలిస్తే ఇంతకన్నా సూటి మార్గం లేదు. జగిత్యాల వైపు పాత పద్ధతిలో 10 మీటర్ల ఎడంతో నాటిన మామిడితోట తీసుకోండి. పటంలో ఒక పిక్సెల్ 10 సెంటీమీటర్లయితే చెట్టుకు చెట్టుకు 100 పిక్సెళ్లు. కనీస దూరం 60 దగ్గర పెడితే ఒకే చెట్టు కొమ్మలు రెండు శిఖరాలుగా రావు, పక్క చెట్టూ పోదు. చిన్నవీ పెద్దవీ కలిసిన చోట మాత్రం ఇది నడవదు. పెద్దవాటికి సరిపోయే దూరం చిన్నవాటిని మింగేస్తుంది, చిన్నవాటికి పెట్టిన దూరం పెద్దవాటిని పగలగొడుతుంది.

దీంట్లో తెలియక దెబ్బతినే చోటు ఒకటుంది. బొమ్మ అంచుకు ఆ కనీస దూరంలోపల ఉన్న శిఖరాల్ని ఈ ఫంక్షన్ మామూలుగా వదిలేస్తుంది. అలా మార్కర్ దొరకని గింజ పక్కదానికి ఆనుకుని ఉంటే పక్కగింజ లేబులే దీన్నీ కమ్మేస్తుంది, ఒంటరిగా ఉంటే లెక్కలోకే రాదు. అంచు గింజలు కావాలనుకుంటే ఎక్స్‌క్లూడ్ బార్డర్‌ను ఫాల్స్ చేయండి (exclude_border=False).

హెచ్-మ్యాక్సిమా దూరాన్ని పట్టించుకోదు, లోతునే చూస్తుంది. 200, 180 ఎత్తున్న రెండు శిఖరాల మధ్య కనుమ 170 దగ్గర ఉంటే చిన్నదాని లోతు 10. హెచ్ 15 పెడితే అది పెద్దదాంట్లో కలుస్తుంది, 5 పెడితే నిలుస్తుంది. పరిమాణాలు రకరకాలుగా ఉన్న బొమ్మలన్నిటికీ నా మొదటి ఎంపిక ఇదే. వెలుగు మీద పనిచేసేటప్పుడు హెచ్ ఎక్కడ మొదలుపెట్టాలో బొమ్మే చెబుతుంది: ఖాళీ నేపథ్యంలో ఒక ముక్క తీసి, బ్లర్ తర్వాత దాని ప్రామాణిక విచలనం చూసి, దానికి మూడింతలతో మొదలుపెట్టండి. ఇంకో లాభమేమంటే, కెమెరా 255 దగ్గర పట్టేసి శిఖరం మీద చదును ఏర్పడినా ఇది ఆ చదునంతటినీ ఒకే మార్కర్‌గా ఇస్తుంది. అయినా ఎక్స్‌పోజర్ తగ్గించి మళ్లీ ఫొటో తీయగలిగితే అదే మేలు.

మూడోది, దూరం పటంలో గరిష్ఠ విలువకు 0.7 రెట్లు దాటిన చోట్లను మార్కర్లుగా తీసుకోవడం. ఓపెన్‌సీవీ నాణేల పాఠంలో ఉన్నది ఇదే కాబట్టి అందరూ ఎత్తి పెట్టుకుంటారు. నాణేలు ఒకే సైజు, అందుకే అక్కడ చెల్లింది. మీ బొమ్మలో ఒక్క పెద్ద ముద్ద ఉన్నా గరిష్ఠం దానిదే అవుతుంది, చిన్నవన్నీ ఆ 0.7 గీత కిందే ఉండిపోయి మాయమవుతాయి. గింజల పనికి దీన్ని వద్దంటాను.

ఇరవై ముప్పై వస్తువులే ఉంటే, ఆ బొమ్మ ఒక్కసారికే అయితే, మౌస్‌తో చుక్కలు పెట్టండి. చేత్తో పెట్టిన మార్కర్ తక్కువది కాదు.

ఇక ఆ ఓపెన్‌సీవీ, స్కైకిట్-ఇమేజ్ ప్రశ్న

రెండింటిలోనూ ఫంక్షన్ పేరు ఒకటే కానీ పని ఒకటి కాదు, ఇది తెలియక చాలామంది ఇబ్బంది పడుతున్నారు. స్కైకిట్-ఇమేజ్ మీరిచ్చిన ఉపరితలం ఎత్తుల ప్రకారమే నింపుతుంది, దశాంశ విలువలున్నా సరే. ఓపెన్‌సీవీ 8 బిట్ల మూడు చానెళ్ల రంగు బొమ్మనే తీసుకుంటుంది, పక్కపక్క పిక్సెళ్ల రంగు తేడా ఎంతో చూసి ఆ వరుసలో నింపుతుంది. అంటే అది స్వభావంలో గ్రేడియంట్ పద్ధతి. దూరం పటాన్ని 8 బిట్లకు కుదించి దానికి ఇచ్చినా, మీరు ఆశించిన కనుమ దగ్గర గీత పడుతుందన్న హామీ లేదు. శిఖరాల్ని విడదీయడమే మీ పనైతే స్కైకిట్-ఇమేజ్ తీసుకోండి. అంచులు బలంగా ఉన్న రంగు ఫొటో అయితే, వేగం కూడా కావాలంటే ఓపెన్‌సీవీ బాగుంటుంది. దాంట్లో సరిహద్దు పిక్సెళ్లకు మైనస్ 1 వస్తుంది, వైశాల్యం లెక్కించేటప్పుడు అది గుర్తుంచుకోండి. స్కైకిట్-ఇమేజ్‌లో గీత కావాలో వద్దో మీ ఇష్టం. చిన్న వస్తువుల వైశాల్యం కొలుస్తుంటే గీత వద్దు, అది కూడా పిక్సెళ్లు తినేస్తుంది.

కోడ్ రాయని జీవశాస్త్రం, వ్యవసాయం విద్యార్థులకు ఫిజీ. ఉచితం, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. వెలుగు శిఖరాలకు ఫైండ్ మ్యాక్సిమా తెరిచి, అవుట్‌పుట్‌గా సెగ్మెంటెడ్ పార్టికల్స్ ఎంచుకుని, ప్రామినెన్స్‌ను జరుపుతూ చూడండి. ఆకారాలకైతే మెనూలోని మామూలు బైనరీ వాటర్‌షెడ్ కన్నా మార్ఫోలిబ్‌జెలోని డిస్టెన్స్ ట్రాన్స్‌ఫామ్ వాటర్‌షెడ్ మేలు, లోతు హద్దు మీ చేతిలో ఉంటుంది. మ్యాట్‌ల్యాబ్ కాలేజీలో ఉంటే వాడుకోండి, లోతు తక్కువున్న గుంటల్ని పూడ్చే ఇమ్‌హెచ్‌మిన్ (imhmin) వేశాకే వాటర్‌షెడ్ పిలవండి. ఈ పని కోసమే కొనొద్దు.

ఏది వాడినా ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపించుకోకండి. అది బొమ్మను కుదించి జేపెగ్‌గా మారుస్తుంది, జేపెగ్ 8×8 గడుల మచ్చలు దొంగ శిఖరాలవుతాయి. డాక్యుమెంట్‌గా పంపండి, మైక్రోస్కోప్ బొమ్మలైతే టిఫ్‌లోనే దాచండి.

వాటర్‌షెడ్ వదిలేయాల్సిన చోట్లు

స్టార్‌డిస్ట్ 2018లో వచ్చింది. కేంద్రం నుంచి అన్ని దిక్కులకూ గీతలు గీస్తే అంచు ఒక్కసారే తగిలే ఆకారాల కోసం నేర్పిన న్యూరల్ నెట్‌వర్క్ ఇది. గుంపు కట్టిన ఫ్లోరోసెన్స్ కేంద్రకాలకు దాని సిద్ధ నమూనాను ఒకసారి నడిపి చూడటం వాటర్‌షెడ్ సెట్టింగులతో కుస్తీ పట్టడం కన్నా మంచిది. వంకర తిరిగిన తేజ కాయలకు అది కూడా నప్పదు. గింజలకు, కాయలకు మీరే కొత్తగా నేర్పాలంటే ఒక్కో వస్తువు అంచునూ చేత్తో గీసిన బొమ్మలు కావాలి. ఒక సెమిస్టర్ ప్రాజెక్టులో ఆ శ్రమ పెట్టగలరా అన్నది ముందే ఆలోచించుకోండి.

ఇంకో సందర్భం, కావలసింది లెక్క కాకుండా ఒక్కో శిఖరం మొత్తం సిగ్నల్ అయినప్పుడు. వాటర్‌షెడ్ ప్రతి పిక్సెల్‌నూ ఒక్కరికే ఇస్తుంది. జెల్‌లో పెద్ద మచ్చ పక్కనే చిన్న మచ్చ ఉంటే పెద్దదాని తోక చిన్నదాని ఖాతాలో పడి, చిన్నది ఉన్నదానికన్నా ఎక్కువగా తేలుతుంది. అలాంటప్పుడు వాటర్‌షెడ్ ఇచ్చిన కేంద్రాల్ని ప్రారంభ విలువలుగా పెట్టి, రెండు గాసియన్‌లను ఒకేసారి ఫిట్ చేయండి.

ఏ దారిలో వెళ్లినా మొత్తం సంఖ్య సరిపోయిందని అక్కడే ఆగకండి. నాలుగు జంటలు కలిసిపోయి, నాలుగు గింజలు రెండేసి ముక్కలైతే మొత్తం అచ్చంగా సరిపోతుంది, లోపల ఎనిమిది తప్పులుంటాయి. మీరు సెట్టింగులు కుదుర్చుకున్నవి కాకుండా వేరే రెండు మూడు ఫొటోలు తీసి, గీతల్ని అసలు ఫొటో మీద పరిచి, కలిసిపోయినవి ఎన్ని, పగిలినవి ఎన్ని అని విడివిడిగా రాసుకోండి. పగిలినవి ఎక్కువైతే హెచ్ పెంచండి, కలిసిపోయినవి ఎక్కువైతే తగ్గించండి. రెండూ ఎక్కువగానే ఉంటే హెచ్‌ను వదిలి ఉపరితలం మార్చండి.